దీవెనమ్మ తాగని కహ్వా

మా ముదీర్ కోప్పడితే ఎవరికీ భయం ఉండేది కాదు. నవ్వితేనే భయం. ముదీర్ అంటే ఆసుపత్రి మేనేజరు. ఆయన నవ్వుతూ కబురు పెట్టాడంటే ఎవరికో మూడిందన్నమాటే. ఆ జులై నెలలో దీవెనమ్మను అలాగే నవ్వుతూ పిలిచాడు. ఆమెకు అయిదో నెల నడుస్తోంది కాబట్టి నెలాఖరుకి ఉద్యోగం చాలించి ఇండియా వెళ్ళిపోవాలనీ, టికెట్టు సర్కారే ఇస్తుందనీ చెప్పాడు. టికెట్టు సంగతి బహుమానంలాగా రెండుసార్లు చెప్పాడట.

అది 1977. అరబ్బు దేశంలో సలాలా పట్నానికి తూర్పున సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న ఊళ్ళో కొత్తగా కట్టిన సర్కారు ఆసుపత్రి మాది. నేను ప్రసవాల వార్డు ఇన్‌చార్జిని, పేరు మేరీకుమారి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. దీవెనమ్మది నరసాపురం పక్క. ఇద్దరం ఒకే మిషన్ ఆసుపత్రిలో నర్సింగు చదివినవాళ్ళమే, కాకపోతే తను నాకన్నా చాలా చిన్నది. భర్త ప్రేమచంద్ రైసూత్ రేవులో క్రేన్ నడుపుతాడు, సెలవు దొరికిన శుక్రవారం వచ్చి వెళ్తాడు. పెళ్ళయి ఏడాది దాటింది. కడుపు పండిందని ఆ పిల్ల సంతోషపడి పట్టుమని మూడు నెలలన్నా కాలేదు, ముదీర్ నవ్వాడు.

నాకు ఒళ్ళు మండిపోవడానికి వేరే కారణం ఉంది. కిందటేడు ఇదే వార్డులో ఒక ఇంగ్లీషు సిస్టరు గర్భంతో పనిచేసింది. ఆవిడకు సెలవిచ్చారు, సెలవు జీతం ఇచ్చారు, ఆవిడ తిరిగొచ్చేదాకా ఆ ఉద్యోగంలో మరొకర్ని వేయలేదు. బిడ్డనెత్తుకుని వచ్చిన రోజున ఈ ముదీరే కేకు తెప్పించి కోయించాడు. ఆ కేకు నేనూ తిన్నాను.

"తెల్ల కడుపుకి కేకూ, నల్ల కడుపుకి టికెట్టూనా?" అన్నాను దీవెనమ్మతో. "వెళ్ళి అడుగు. నువ్వడగకపోతే నేనడుగుతాను."

"అడిగానక్కా. ఆవిడ కాంట్రాక్టు వేరు, నీ కాంట్రాక్టు వేరు అన్నారు."

"మరేం చేద్దామని?"

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఓదార్చి ఊరుకునేదాన్నేమో. "ఉద్యోగం ఒక్కటే అయితే సరిపెట్టుకుందునక్కా. ఈ కడుపుతో ఒంటరిగా బొంబాయిలో దిగి, రైలెక్కి మా ఊరు వెళ్తే నలుగురూ ఏమంటారు? ఏం పని చేసిందో తరిమేశారంటారు. నేనేం తప్పు చెయ్యలేదని గుమ్మం గుమ్మం ఎక్కి చెప్పుకోనా? మా నాన్నగారు తలెత్తుకుని తిరుగుతున్నారు, నా ఉద్యోగం చూసుకుని" అంది.

దారి చూపించినవాడు షరీఫ్, మా అంబులెన్సు డ్రైవరు. జగిత్యాల మనిషి. అరబ్బీ, ఉర్దూ, తెలుగు మూడూ మాట్లాడతాడు, మూడూ ఒకే యాసలో మాట్లాడతాడు.

"కంపెనీల పనిచేసెటోళ్ళకు లేబర్ ఆఫీసున్నదక్కా. సర్కార్ నౌకరీకి అది చెల్లదంట. సర్కార్ మీద షికాయత్ మల్ల సర్కార్‌కే చెప్పుకోవాలె" అన్నాడు. "వాలీ దగ్గరికి పోదాం. పొద్దుగాల్ల బర్జాల కూసుంటడు. ఎవలన్న పోవచ్చు, ఎవలన్న అడగొచ్చు."

వాలీ అంటే ఆ ప్రాంతానికి పాలనాధికారి. బర్జా అంటే ఆయన జనం మొర వినడానికి కూర్చునే చోటు. మన దగ్గర తాసిల్దారు వరండాలో పిలుపు కోసం ఎదురుచూసే అలవాటున్న నాకు, తిన్నగా వెళ్ళి ఆయన తివాచీ మీద కూర్చోవచ్చంటే నమ్మకం కుదరలేదు. అయినా షరీఫ్ ముందే వెళ్ళి ఎవరితోనో మాట్లాడి, రమ్మన్నారని కబురు తెచ్చాడు. ముదీర్‌ని కూడా రమ్మన్నారట. దాంతో పాటు మా ఇద్దరికీ మర్యాదలు నేర్పాడు. కహ్వా ఇస్తారు, అంటే అక్కడి కాఫీ. కుడిచేత్తోనే అందుకోవాలి. వద్దనకూడదు, వద్దంటే ఇంటాయన్ని చిన్నబుచ్చినట్టు. ఇక చాలు అనుకుంటే ఖాళీ కప్పుని ఇలా ఇలా ఆడించి తిరిగివ్వాలి. నేను మందు గ్లాసుతో రెండుసార్లు ఆడించి చూపించాను. పాసైనవక్కా అన్నాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. బయల్దేరాల్సిన రోజు పొద్దున్నే రవ్వ ఉప్మా చేసుకుని దీవెనమ్మ గదికి వెళ్తే, మోకాళ్ళ మీద ఉంది. ప్రార్థన అయ్యేదాకా ఆగి పళ్ళెం ముందు పెట్టాను. వద్దంది.

"ఉపవాస ప్రార్థన పెట్టుకున్నానక్కా. సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా ముట్టను."

"నీకు మతి ఉందా? కడుపులో ఉన్నవాడు కూడా ఉపవాసమేనా? వాడినడిగావా?"

"ఒక్క పూటే కదా."

"నువ్వు మంత్రసాని పని చదివావా, గొర్రెల్ని కాశావా? గర్భిణి నీళ్ళు మానేస్తే ఏమవుతుందో నేను చెప్పాలా నీకు?" ఇంకా చాలా అన్నాను. దేవుడికి వినబడాలంటే కడుపు మాడ్చుకోనక్కర్లేదని కూడా అన్నాను. మా అమ్మ విని ఉంటే చెవి మెలేసేది. ఆ పిల్ల మాత్రం తల దువ్వుకుంటూ కూర్చుంది. చివరికి ఒకటే మాట అడిగింది. "ఎవరికీ చెప్పకండి అక్కా. ఉపవాసం చాటుకోకూడదు."

బయట సన్నటి తుంపర పడుతోంది. వేసవిలో అక్కడ రోజుల తరబడి మంచూ ముసురూ, చుట్టూ కొబ్బరిచెట్లు. ఇంకోరోజైతే కోనసీమలో ఉన్నట్టుందని మురిసిపోయేదాన్ని. ఆ రోజు దారిపొడుగునా దీవెనమ్మ ముఖం వంకే చూస్తూ, కళ్ళు తిరుగుతాయేమో, బండిలోనే పడిపోతుందేమో అని సణుక్కుంటూ కూర్చున్నాను.

వాలీ గారి చావడి పొడుగ్గా ఉంది. గోడల వెంబడి తివాచీలు, వాటిమీద నడుముకి కత్తులు కట్టుకున్న పెద్దమనుషులు. సాంబ్రాణి పొగ. వాలీ గారు తెల్ల గడ్డంతో, సన్నగా, మా ఊరి హైస్కూలు లెక్కల మాస్టారిలా ఉన్నారు. మమ్మల్ని గుమ్మానికి దగ్గరగా కూర్చోబెట్టారు. పక్కన షరీఫ్. ఎదురుగా మా ముదీర్, కొత్త సూటులో, నవ్వుతూ.

కూర్చోగానే ఖర్జూరాలొచ్చాయి, వెనకే కహ్వా వచ్చింది. చెవి లేని బుల్లి పింగాణీ కప్పు. నేను కుడిచేత్తో అందుకుని తాగాను. ఏలకుల వాసన, చేదు, ఒక్క పలుకు పంచదార లేదు. మూడో కప్పుకి ఆడించి ఇచ్చేశాను. దీవెనమ్మ కూడా కుడిచేత్తో ఒద్దికగా అందుకుంది. అందుకుని, మన వాళ్ళందరూ చేసే పనే చేసింది. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు తాగాలని లేకపోతే మనం వద్దనం కదా. తీసుకుంటాం, థాంక్సండీ అంటాం, పక్కన పెడతాం. ఇచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకోకుండా ఉంటారు, మన గొంతులోకీ దిగదు. అలాగే ఆ పిల్ల కప్పుని రెండు చేతుల్తో తన ముందు తివాచీ మీద మెల్లిగా పెట్టి చేతులు కట్టుకుంది.

చావడిలో మాటలు ఆగిపోయాయి. కహ్వా పోసేవాడు కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మా పక్కన కూర్చున్న ముసలాయన కప్పు వంక చూసి, దీవెనమ్మ వంక చూసి, గడ్డం సవరించుకున్నాడు. వాలీ గారు నిటారుగా కూర్చున్నారు. అంతవరకూ ఏదో మందుల కోసం వచ్చినవాళ్ళలా మమ్మల్ని చూసిన మనిషి, అప్పుడే మేం లోపలికొచ్చినట్టు చూశారు.

ఆయన ఏదో అడిగారు. వాలీ గారి గంభీరమైన అరబ్బీ షరీఫ్ నోట్లో పడి జగిత్యాల తెలుగై బయటికొచ్చింది. "నీ మాట చెప్పు బిడ్డా అంటున్నడు."

దీవెనమ్మ చెప్పింది. తడబడలేదు. ఎప్పుడు చేరిందో, ఎలాంటి పని చేస్తోందో, ఇంగ్లీషు సిస్టరుకి ఏమిచ్చారో, తనకేమన్నారో. "అదే వార్డు, అదే పని. ఆవిడకి సెలవు, నాకు తీసివేత. తేడా ఏంటో చెప్పమనండి, నేనే వెళ్ళిపోతాను" అంది. షరీఫ్ కప్పు వంక దొంగచూపులు చూస్తూ అరబ్బీలో చెప్పాడు. అతని నుదుటన చెమట ఎందుకు పడుతోందో నాకు అర్థం కాలేదు.

వాలీ గారు ముదీర్ వైపు తిరిగారు. ముదీర్ నవ్వు కాస్త తగ్గించి జవాబిచ్చాడు. కాంట్రాక్టులు వేరు, ఒకరికి సెలవిస్తే ఇండియా నర్సులందరూ వరసగా అడుగుతారు, ఆసుపత్రి నడిచేదెలా, ఇదీ వరస.

"కాంట్రాక్ట్ వేరైతే కడుపు గూడ వేరేనా అని అడుగుతున్నడు" అన్నాడు షరీఫ్. "మన ఆడోళ్ళ పిల్లల్ని ఈ సిస్టర్లిద్దరు గూడ చేతులల్ల వట్టుకున్నరు గదా అంటున్నడు."

నాకు వాలీ గారి మీద అమాంతం గౌరవం పుట్టుకొచ్చింది. కాని ఆయన వెంటనే దీవెనమ్మ వైపు తిరిగి, చెయ్యి చాచి కప్పు చూపిస్తూ అన్న మాట విని ఉసూరుమన్నాను. "నీ సంగతి రాజధానికి రాస్తడంట. కహ్వా తాగమంటున్నడు."

రాజధానికి రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. జవాబొచ్చేసరికి ఆ పిల్ల నరసాపురంలో పురుడు పోసుకుని ఉంటుంది. దీవెనమ్మ మర్యాదగా తల వంచి దణ్ణం పెట్టింది. కప్పు మాత్రం ముట్టలేదు.

చుట్టూ చిన్న గుసగుస. వాలీ గారు మళ్ళీ ఆమెతోనే మాట్లాడారు. "పురుడయ్యేదాంక ఈడనే ఉండు, నీ ఆసుపత్రిలనే కను, తర్వాత సంగతి తర్వాత జూద్దాం అంటున్నడు. తాగమంటున్నడు."

ఇది ఎంతో నయం. నేను దీవెనమ్మ తొడ గిల్లాను. "ఒక్క గుక్క తాగవే. దేవుడేమీ అనుకోడు."

"సాయంత్రం దాకా తాగనక్కా."

అప్పుడు షరీఫ్ ఇక ఉండబట్టలేక మావైపు వంగాడు. "సిస్టర్, నువ్వేం చేస్తున్నవో తెలిసే చేస్తున్నవా? ఈ దేశంల కహ్వా తీసుకొని తాగకుంట ముందట పెడితే, అడిగింది ఇచ్చేదాంక నీ ఇంట్ల తాగను అని అర్థం. మొగోళ్ళు గూడ గట్ల చెయ్యనీకి భయపడ్తరు. పాణం మీదికొస్తెనే చేస్తరు. మూడోసారి గూడ తాగకుంటె ఆయన ఇజ్జత్ పోతది. ఇస్తడో, కోపానికొస్తడో నాకు తెల్వది."

ఉలిక్కిపడి వాలీ గారి వంక చూశాను. ఆ వెంటనే, నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచి వచ్చింది. మేమెవరం? ఎక్కడి నుంచో వచ్చిన నర్సులం. ఆ నిండు చావడి ఇప్పుడు ఒక ఉలవగింజంత కప్పుకేసి ఊపిరి బిగపట్టి చూస్తోంది. పొద్దున్న ఉపవాసం మానమని అంత గొడవ చేసినదాన్ని, ఆమె చెవిలో అన్నాను. "అయితే ఛస్తే తాగకు. ఇంకో మాట కోసం ఆగు. ఇచ్చేస్తాడు."

దీవెనమ్మ ముఖం పాలిపోయింది. అది ఆకలో, భయమో నాకు తెలియలేదు. "ఆయనతో బేరమాడుతున్నానని అనుకుంటున్నారా వీళ్ళు?"

"అనుకోనీ. మనకేం పోయింది?"

"నాకలా వద్దక్కా. న్యాయం కావాలని వచ్చాను, ఆయన్ని ఇరుకున పెట్టాలని రాలేదు. తెలియక పెట్టానని చెప్పెయ్యండి షరీఫ్ భాయ్. ఇవాళ ఉపవాసం ఉన్నానని చెప్పండి."

"చెప్పకు!" అన్నాను నేను. గొంతు తగ్గించడం కూడా మర్చిపోయాను. "షరీఫ్, నోరు మూసుకో. చెప్పావంటే అంతా పోతుంది."

"అక్కా." ఆ పిల్ల నావైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకీ ఉద్యోగం కావాలి. ఎంత కావాలో మీకు తెలుసు. కాని పొద్దున్న మోకాళ్ళ మీద ఒక మాట అడిగి, ఇప్పుడు ఈయన్ని మోసం చేసి తెచ్చుకోలేను. చెప్పండి షరీఫ్ భాయ్."

షరీఫ్ నావైపు చూసి, ఆమెవైపు చూసి, అల్లా పేరు తలుచుకుని చెప్పాడు. నేను ఆ ముఖాలు చూడలేక తివాచీ పువ్వులు చూస్తూ కూర్చున్నాను. అయిపోయింది అనుకున్నాను. ఎంత మంచిదైనా ఇంత తెలివితక్కువ పిల్లని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదనుకున్నాను. ఆమె మీద నాకు పట్టలేని కోపం వచ్చింది, అంతకన్నా ఎక్కువ జాలి వేసింది.

వాలీ గారు మెల్లిగా ఒక ప్రశ్న వేశారు.

"దేనికోసం ఉపవాసమున్నవని అడుగుతున్నడు."

"ఈ సంగతి గురించేనండి" అంది దీవెనమ్మ. "మీరు న్యాయంగా వినాలని."

షరీఫ్ చెప్పాడు. వాలీ గారు కప్పు వంక చాలాసేపు చూశారు. అప్పుడు మాట్లాడిన మాటలు షరీఫ్ ఒక్కొక్కటే ఆగి ఆగి చెప్పాడు. "నా ముందర పెట్టిన కప్పైతే నేను బేరం చేస్తుంటి, సగం ఇచ్చి తాగమంటుంటి, ఇప్పటిదాంక అట్లనే చేసిన గూడ. గిది నా ముందట పెట్టింది కాదు. పొద్దుగాల్లనే అల్లా ముందట పెట్టొచ్చింది. ఆయనతోని నేనేం బేరం చెయ్యాలె అంటున్నడు."

తర్వాత ముదీర్ వైపు తిరిగి ఆయన ఆడిన నాలుగు ముక్కలు షరీఫ్ తెలుగులోకి మార్చనక్కర్లేకపోయింది. ముదీర్ ముఖమే చెప్పింది. వివరాలు షరీఫ్ తర్వాత చెప్పాడు. ఇంగ్లీషు సిస్టరుకి ఏ సెలవిచ్చారో అదే సెలవు, అదే జీతం, తిరిగొచ్చాక అదే ఉద్యోగం. ఆమె ఒక్కదానికే కాదు, ఆ ఆసుపత్రిలో ఏ నర్సుకైనా అంతే. రాజధానికి తనే రాసుకుంటారట, అడిగేవాళ్ళుంటే తననే అడగమన్నారట. పక్కనున్న గుమాస్తా అక్కడికక్కడే రాసి చదివాడు. ముదీర్ తల ఊపాడు. ఈసారి నవ్వలేదు, నాకు మాత్రం నవ్వాగలేదు. పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను.

కప్పుని ఎవరూ తీయలేదు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజయ్యాక వచ్చి తాగాలని, అంతవరకూ ఈ ఇంటికి ఆమె అతిథేనని వాలీ గారు చెప్పారు.

బండెక్కగానే దీవెనమ్మ నా ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఊరుకో, ఊరుకో అంటూ నేనూ ఏడ్చాను. షరీఫ్ ముందు సీట్లో ఏడుస్తూనే గేర్లు మార్చాడు. ఎన్ని రోజులుగానో నా గుండెల మీద ఉన్న బండరాయిని ఎవరో తీసి అవతల పారేసినట్టు ఒళ్ళంతా తేలికైపోయింది.

సాయంత్రం షరీఫ్ రేవు దాకా వెళ్ళి ప్రేమచంద్‌ని తీసుకొచ్చాడు. అతను వాలీ గారి దగ్గర చావడిలో కూర్చుంటే మమ్మల్ని లోపల ఆడవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారు. దీవెనమ్మ కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేదాకా వాలీ గారి భార్య కూజా పట్టుకుని ఓపిగ్గా ఎదురుచూసింది. తర్వాత వేడి కహ్వా తనే పోసింది. దీవెనమ్మ ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. ఆవిడ పకపకా నవ్వి పంచదార తెప్పించింది.

మర్నాడు పొద్దున వార్డుకి వెళ్ళేసరికి షంషున్నీసా నా బల్ల దగ్గర నిలబడి ఉంది. మగవాళ్ళ వార్డులో నర్సు, వరంగల్ అమ్మాయి, భర్త మస్కట్‌లో మేస్త్రీ. మా తెల్ల గౌను మీద నడుముకి వెడల్పాటి బెల్టు కట్టుకోవాలి. అందరికన్నా బిగుతుగా కట్టేది ఈ పిల్లే, నాజూకు కోసమనుకునేవాళ్ళం. ఇవాళ ఆ బెల్టు ఆమె చేతిలో ఉంది. గౌను ముందుకి గుండ్రంగా ఎత్తుగా ఉంది. అయిదో నెల ఉంటుంది.

"రాత్రి షరీఫ్ భాయ్ చెప్పిండక్కా, అందరు నర్సులకని" అంది. కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు. "ఊపిరాడక సచ్చిపోతున్న ఇన్నొద్దుల సంది. ఇంక కట్టుకోకుంటె ఏం కాదు గదా?"

ఆ బెల్టు తీసుకుని నా బల్ల సొరుగులో పడేశాను. కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టి, "ఏం కాదమ్మా, తీరిగ్గా ఊపిరి తీసుకో" అన్నాను.